చెక్కతోనే ఎందుకు?

చెక్క మళ్ళీ ఫ్యాషనైంది. ఇన్‌స్టా తెరిస్తే చాలు: చెక్క కీబోర్డు, చెక్క ఫ్రేము కళ్ళజోడు, చెక్క చేతిగడియారం, చెక్క నెక్‌టై, ఆఖరికి చెక్క సైకిలు. కింద కామెంట్లలో "సో క్రియేటివ్" అంటూ మనవాళ్ళే నలుగురు కనిపిస్తారు. నాకూ అవి చూడ్డం సరదాగానే ఉంటుంది. కానీ చూసిన ప్రతిసారీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది: దీన్ని చెక్కతోనే ఎందుకు చెయ్యాలి?

టై గుడ్డతో చేస్తే మెడకి ఒదుగుతుంది. చెక్కతో చేస్తే ఒదగదు. అందులో ఉన్న వింతంతా అంతే, చెక్కకి చేతకాని పని చెక్క చేత చేయించడం. సర్కస్‌లో ఏనుగు చేత సైకిలు తొక్కించినట్టు. చప్పట్లు పడతాయి, ఏనుగుకి మాత్రం ఆ సైకిలుతో పనేమీ లేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. చెక్కలో అసలైన సృజన చూడాలంటే రీల్స్ కన్నా మన గోదావరి జిల్లాల వంటిళ్ళూ, పశువుల పాకలూ, కాలవ గట్లూ చూడాలి. అక్కడి వస్తువులు మనకి వింతగా కనపడవు, వాటి మధ్యే పెరిగాం కాబట్టి. మెటీరియల్స్, మెకానిక్స్ చదివాక అదే కళ్ళతో ఇంకోసారి చూస్తే వాటి వెనక ఎంత ఆలోచన ఉందో తెలుస్తుంది. బాధేంటంటే, మనకి ఆ చూపు వచ్చే వేళకి వస్తువులు పొయ్యిలోకి పోతున్నాయి. వాటిని చేసే చేతులు వేరే పనుల్లోకి పోతున్నాయి.

ముందు తాటిదోనె సంగతి చూడండి. కొల్లేటి చుట్టుపక్కల, డెల్టా కాలవల్లో తిరిగిన పడవ ఇది. ఒక తాటి మొద్దు తీసుకుని లోపల తొలిచేస్తే దోనె. ఇందులో ఏముంది అనిపించవచ్చు. టేకు, వేప లాంటి చెట్లకి నడుమ చేవ ఉంటుంది, బయట మెత్తగా ఉంటుంది. తాడి, కొబ్బరి దీనికి పూర్తిగా తలకిందులు. ఇవి వరి, వెదురు లాగా ఏకదళబీజం జాతివి. వీటికి ఏటేటా పెరిగే వలయాలుండవు. గట్టి నారంతా బయటి అంచున ఉంటుంది, నడుమ మెత్తటి గుజ్జు లాంటి భాగం. అంటే పడవ చెయ్యడానికి తొలవాల్సిన చోట మెత్తన, మిగలాల్సిన చోట గట్టిదనం చెట్టే సిద్ధం చేసి పెట్టింది. మొదలు ఉబ్బుగా ఉంటుంది కాబట్టి పడవకి ఒక చివర వెడల్పు కూడా దానంతటదే వస్తుంది.

ఒక్క దోనె గుండ్రంగా ఉండి దొర్లిపోతుంది. దానికీ ఉపాయం ఉంది. రెండు దోనెలు పక్కపక్కన పెట్టి అడ్డకర్రలతో కట్టేస్తారు. బోల్తా పడే భయం పోతుంది, పైన బరువూ పెట్టుకోవచ్చు. ఇప్పుడు రెండు పొట్టల పడవని ప్రపంచమంతా కాటమరాన్ అంటోంది. ఆ మాట తమిళం కట్టుమరం నించి వెళ్ళిందే.

మెటీరియల్స్ క్లాసులో ఫంక్షనల్లీ గ్రేడెడ్ మెటీరియల్ అని ఒక టాపిక్ ఉంటుంది. ఒకే ముక్కలో ఒక వైపు నించి ఇంకో వైపుకి గుణాలు క్రమంగా మారిపోయే పదార్థం. మన స్లైడ్లలో దానికి ఉదాహరణలుగా జెట్ ఇంజన్ పూతలు వస్తాయి. కిటికీలోంచి చూస్తే కొబ్బరిచెట్టు కనిపిస్తుంది. కొబ్బరి మొద్దు బయటి అంచులో సాంద్రత ఘనపు మీటరుకి 600 కిలోలు దాటుతుంది, నడుమ 400 కిలోల లోపే ఉంటుంది. గాలికి ఊగే చెట్టుకి ఒత్తిడి ఎక్కువగా పడేది అంచుల్లోనే, బలమూ అక్కడే ఉంది. బీమ్ వంగినప్పుడు ఔటర్ ఫైబర్ దగ్గర స్ట్రెస్ ఎక్కువ అని మనం పరీక్షలో రాసింది ఇదే.

రెండోది ఎడ్లబండి చక్రం. ఇప్పుడు రిసార్టుల గేట్ల దగ్గర రంగులేసి ఆనించి పెడుతున్నారే, అదే. నడుమ కుండ, కుండలోంచి ఆకులు, ఆకుల చివర పూటీలు. ఎక్కువగా తుమ్మ చెక్క వాడేవారు, దెబ్బ తట్టుకుంటుందని. వీటన్నిటినీ బిగించి పట్టుకునేది చుట్టూ ఉన్న ఇనప పట్టా. పట్టాని చక్రం కన్నా కాస్త చిన్నదిగా చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు, సాగుతుంది. పట్టకార్లతో తెచ్చి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు పోస్తారు. అది ముడుచుకుంటూ చక్రంలోని ప్రతి అతుకునీ నొక్కేస్తుంది.

సరదాకి లెక్క వేశాను. అయిదడుగుల చక్రం చుట్టుకొలత సుమారు 4.8 మీటర్లు. ఇనుము ఒక్కో డిగ్రీకి మీటరుకి 12 మైక్రాన్లు సాగుతుంది. 500 డిగ్రీలు వేడెక్కితే మొత్తం దాదాపు 2.9 సెంటీమీటర్లు. అంటే పట్టా చుట్టుకొలతని ఎంత తగ్గించి కొట్టాలో ఆ లోపలే నిర్ణయించుకోవాలి. ఎక్కువ తగ్గిస్తే తొడగడం కుదరదు, తక్కువైతే నాలుగు రోజుల్లో ఊడిపోతుంది. మనం ష్రింక్ ఫిట్ అని అయిదు మార్కుల ప్రశ్నకి రాసేదాన్ని కమ్మరీ వడ్రంగీ కలిసి ఊరి మధ్యలో, మంట రంగు చూసి చేసేవాళ్ళు.

మూడోది ప్రతి ఇంట్లో ఉన్నదే, కత్తిపీట. చెక్క పీట మీద నిలబెట్టిన వంపు కత్తి. మామూలు చాకుతో కోసేటప్పుడు ఒక చెయ్యి కూరగాయని పట్టుకుంటుంది, ఇంకో చెయ్యి కత్తిని నడుపుతుంది. కత్తిపీటలో కత్తి కదలదు. పీటని కాలితో తొక్కి పట్టుకుంటే రెండు చేతులూ ఖాళీ. కందగడ్డ అయినా, పనసకాయ అయినా రెండు చేతులతో పట్టి ఒంటి బరువు వేసి నొక్కొచ్చు. కొన్నిటికి కత్తి కొసన పళ్ళ బిళ్ళ కూడా ఉంటుంది, అదే పీట మీద కూర్చుని కొబ్బరి కోరుకోవచ్చు. ఒక వస్తువు, రెండు పనులు, మరలు లేవు, మోటారు లేదు. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చి పులసలు దిగే రోజుల్లో ఏ చేపల బజారుకైనా వెళ్ళి చూడండి. అంత ఖరీదైన చేపని ముక్కలు చెయ్యడానికి అక్కడి ఆడవాళ్ళు నమ్మేది పెద్ద కత్తిపీటనే.

ఈ మూడింట్లోనూ నేను చూసేది ఒకటే. చెక్క గుణం తెలిసి, మనిషి ఒళ్ళు తెలిసి, పాడైతే ఊళ్ళోనే బాగుపడేలా చేసిన వస్తువులివి. చక్రంలో ఒక ఆకు విరిగితే ఆ ఒక్క ఆకే మారుస్తారు. కత్తి అరిగితే సాన పట్టిస్తారు, పీట పుచ్చితే కొత్త పీటకి పాత కత్తి బిగిస్తారు. మన బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో ఆ మాట అనగలమా?

ఇప్పుడు ఇవి ఎక్కడికి పోతున్నాయో చెప్తాను. కోనసీమలో మా అమ్మమ్మగారి ఊళ్ళో మొన్న వేసవిలో ఒక పాత మండువా లోగిలి విప్పేశారు. పాత సామాన్లు కొనే ఆయన సిటీ నించి వ్యాను వేసుకొచ్చాడు. చెక్కిన ద్వారబంధాలు, స్తంభాలు, ఒక పడక్కుర్చీ, పందిరిమంచం బేరమాడి ఎత్తించుకుపోయాడు. అవి ఏ హోటల్ లాబీలోనో, ఏ విల్లాలోనో తేలతాయి. సరే, కనీసం బతుకుతాయి. ఆయన వద్దన్నవి పెరట్లో కుప్ప పోశారు. రోకళ్ళు, కవ్వాలు, చేప ఆకారంలో మడతపడే వామనగుంటల పీట, కొబ్బరి కోరాం, రెండు కత్తిపీటలు. కత్తులు పాత ఇనుముకి వేశారు. చెక్కలు కాగు కింద మంటలోకి పోయాయి. వామనగుంటల పీటొక్కటి అమ్మమ్మ అడిగి తెచ్చుకుంది. పధ్నాలుగు గుంటల్లో ఒకటి బీటలు వారింది, చింతపిక్కలు మాత్రం బానే నిలుస్తున్నాయి.

ఆ కుప్ప చూసి నాకు ఒక విషయం తట్టింది. బజారు అందాన్ని కొంటోంది, తెలివిని కాల్చేస్తోంది. నగిషీ ఉన్నది యాంటిక్ అయింది. నగిషీ లేకుండా పని మాత్రమే చేసినది వంటచెరుకు అయింది. ఇంజనీర్లం కావలసిన మనకి ఈ రెండింట్లో ఏది ముఖ్యం?

ఇంటిని విప్పింది ఊళ్ళోని వడ్రంగి మేస్త్రి గారే. పాత తలుపు ఒకటి దింపుతుంటే చట్రంలో పలకకి రెండు పక్కలా సన్నటి ఖాళీ కనిపించింది. "మేస్త్రీ గారూ, ఇది పని సరిగ్గా కుదరకా, కావాలని వదిలారా?" అని అడిగాను.

ఆయన నవ్వి, "ఆయ్, చెక్క కోసేత్తే చచ్చిపోయిందనుకుంటారు బాబూ. దాని దాహం పోదండి. వానల్లో తాగి ఉబ్బుద్ది, ఎండల్లో చిక్కిపోద్ది. దానికి కాస్త చోటియ్యాలండి. ఇయ్యకపోతే తలుపు పగిలినా పగులుద్ది, మూసుకోపోయినా పోద్ది" అన్నారు.

చెక్క పొడవు వైపు దాదాపు మారదు. అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. అందులోనూ వలయాల వెంబడి వచ్చే మార్పు, నడుమ నించి బయటికి వచ్చే మార్పుకి సుమారు రెట్టింపు. దాన్ని అనైసోట్రోపీ అని చదువుకున్నాం. ఆయన దాహం అన్నారు. నిజం చెప్పాలంటే ఆయన మాటే నాకు ఎక్కువ గుర్తుంటుంది.

మరి ఆ మేస్త్రి గారు ఇప్పుడు చేస్తున్న పనేంటి? అపార్ట్‌మెంట్లలో మాడ్యులర్ కిచెన్ బిగించడం. ఫ్యాక్టరీలో కోసి వచ్చిన ప్లైవుడ్ పలకలు, ఇచ్చిన బొమ్మ ప్రకారం స్క్రూలు. "డబ్బులు బానే వత్తన్నాయండి, బుర్రతో పనిలేదు" అన్నారు. ఆయన కొడుకు పాలిటెక్నిక్ చేసి హైదరాబాదులో వేరే ఉద్యోగం చేస్తున్నాడు. అతన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నేను కూడా ప్లేస్‌మెంట్ కోసమే కదా చదువుతున్నాను. కానీ ఆ దాహం లెక్క ఎక్కడా రాసిలేదు. అది ఆయన చేతుల్లో ఉంది. ఆయన తర్వాత ఇక ఎక్కడా ఉండదు.

"అయితే మ్యూజియం పెట్టేద్దాం" అనేవాళ్ళుంటారు. నాకు మ్యూజియంతో తగాదా లేదు, కానీ అది సరిపోదు. అద్దం వెనక పెట్టిన కత్తిపీట ఎవరికీ కూర కోసిపెట్టదు. బతికిన చేతిపనులు ఎలా బతికాయో చూడండి.

రాజమండ్రి నించి విశాఖ వైపు వెళ్తే యలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. మెత్తటి అంకుడు చెక్కని లేతు మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి చెక్కకి పట్టేస్తుంది. మొగలి ఆకుతో నునుపు చేస్తారు. ఓవెన్ లేదు, థిన్నర్ వాసన లేదు. సహజ రంగుల్ని మళ్ళీ పట్టాలెక్కించడంలో పనిచేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్ర శకటం మీద ఊరేగింది ఈ బొమ్మలే. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో అడవి చెక్కతో చెంచాలు, ఫోర్కులు చెక్కుతున్నారు, వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బొబ్బిలిలో ఒకే పనస మొద్దు తొలిచి వీణ చేసేవాళ్ళు, బహుమతులుగా ఇచ్చే బుల్లి వీణలు కూడా చేస్తున్నారు. బుల్లి వీణ పలకదు కదా అని నవ్వొచ్చు. కానీ అది అమ్ముడైతేనే పెద్ద వీణ చేసే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అందుకే అలంకారపు వస్తువులంటే నాకు చిన్నచూపు లేదు. అక్కడితో ఆగిపోవద్దన్నదే నా మాట.

మన డెల్టాకి అలాంటి కొత్త దారి ఏదైనా ఉందా? ఉందనే నమ్ముతున్నాను. దాని పేరు కొబ్బరి చెక్క.

కాపు తగ్గిన ముదురు చెట్లని రైతులు ఎలాగూ తీసేస్తారు. తుఫాన్లు ఎలాగూ పడగొడతాయి. 1996 నవంబరు 6 నాటి తుఫానులో కోనసీమలో లక్షల చెట్లు నేలకొరిగాయని మన ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పడిన మొద్దు ఏమవుతుంది? బోదె మీద వంతెనగా వేస్తారు, పాకకి స్తంభంగా పాతుతారు, మిగిలింది ఇటుక బట్టీకి పోతుంది. ఫిలిప్పీన్స్‌లో దీన్నే పలకలుగా కోసి కట్టడాలకి వాడతారు. 2013లో హైయాన్ తుఫాను కూల్చిన కొబ్బరిచెట్లతోనే అక్కడ చాలామంది ఇళ్ళు తిరిగి కట్టుకున్నారు. మనీలాలో కోకోనట్ ప్యాలెస్ అనే భవనం కట్టడంలో కొబ్బరిని విరివిగా వాడారు. మన ల్యాబ్‌లో మాత్రం లేజర్ కట్టర్‌కి ఎమ్‌డీఎఫ్ షీట్లు, త్రీడీ ప్రింటర్‌కి పీఎల్‌ఏ రీళ్ళు ఎక్కడెక్కడి నించో వస్తాయి. కాలేజీ గోడ అవతల కొబ్బరి మొద్దు వానకి నాని కుళ్ళిపోతుంది.

ఇందులో కష్టాలు లేవనడం లేదు. కొబ్బరి చెక్కకి రంపం పళ్ళు తొందరగా మొద్దుబారతాయి. పచ్చి మొద్దుని వెంటనే ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. మందు పట్టించకుండా నేలలో పాతితే పుచ్చుతుంది. బయటి గట్టి భాగం, నడుమ మెత్తటి భాగం విడివిడిగా వాడాలి, కలిపి వాడితే మోసం చేస్తుంది. మరి ఇవన్నీ ప్రాజెక్టు టాపిక్‌లు కావా? ఆరబెట్టే సోలార్ డ్రయ్యర్ మెకానికల్ వాళ్ళది. మెత్తటి నడుమ భాగంతో ఇన్సులేషన్ బోర్డు సివిల్ వాళ్ళది. ఏ పలక ఏ సాంద్రతో చప్పుడు విని చెప్పే చిన్న సెన్సర్ ఈసీఈ వాళ్ళది. ఇంకా ఎన్నాళ్ళు ఆటోమేటిక్ స్ట్రీట్ లైటే మినీ ప్రాజెక్టుగా పెడదాం?

కత్తిపీట కూడా మారాలి. దాన్ని పొగిడి వదిలేస్తే అది మా అమ్మమ్మకి అన్యాయం. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ నేల మీద కూర్చోలేదు, అందుకే ఆ ఇంట్లో కత్తిపీట అటకెక్కింది. వంటింటి గట్టుకి బిగించుకుని నిలబడి కోసుకునే కత్తిపీట, పిల్లల వేళ్ళు తెగకుండా పని అవగానే మూతపడేది, మనలో ఎవరైనా చేస్తే దాన్ని నేను నిజంగా క్రియేటివ్ అంటాను. చెక్క సైకిలు కన్నా ఎక్కువగా.

"చెట్లు కొట్టమంటున్నావా?" అని గ్రీన్ క్లబ్ మిత్రులు అడుగుతారని తెలుసు. అడవి చెట్టు ముట్టుకోమని అనడం లేదు. తోటలో ఎలాగూ పడే చెట్టుని కాల్చకుండా వాడమంటున్నాను. కాలిస్తే అందులోని కర్బనం సాయంత్రానికి గాల్లో ఉంటుంది. బల్లగా చేస్తే బల్ల ఉన్నన్నాళ్ళూ బల్లలోనే ఉంటుంది. అంకుడు, తెల్లపొనికి చెట్లు దొరకడం లేదని ఏటికొప్పాక, కొండపల్లి కళాకారులు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. అక్కడ మొక్కలు నాటడమే ముందు పని. అలాగే అన్నీ చెక్కతోనే చెయ్యాలనీ అనను. బకెట్ ప్లాస్టిక్‌దే బాగుంటుంది, నీళ్ళ పైపూ అంతే. "చెక్కతోనే ఎందుకు?" అన్న ప్రశ్నకి జవాబు లేని చోట చెక్క వద్దు.

ఫస్టియర్ వర్క్‌షాప్ గుర్తుందా? కార్పెంట్రీలో టీ ల్యాప్ జాయింటు, డవ్‌టెయిల్ జాయింటు. మార్కులు పడ్డాక ఆ ముక్కలు మూలన కుప్పపడ్డాయి. ఆ జాయింటు ఏ వస్తువులో ఎందుకు వస్తుందో సిలబస్‌లో ఎక్కడా లేదు. దాన్ని మార్చమని మేనేజ్‌మెంట్‌ని అడగొచ్చు. అడుగుదాం కూడా. ఏడాదికి ఒక వారం ఒక వడ్రంగి మేస్త్రి గారిని పిలిపించాలి. గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చే గౌరవమూ, ఇచ్చే డబ్బూ ఆయనకీ ఇవ్వాలి. శాలువా కప్పి ఫోటో దిగి పంపించెయ్యడం కాదు.

ఆ లోపు మన చేతుల్లో ఉన్న పని ఒకటుంది. సంక్రాంతికి అందరం ఊళ్ళకి వెళ్తాం. అటక మీదో, పాకలోనో ఉన్న ఒక్క చెక్క వస్తువు దింపండి. టేపుతో కొలవండి. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో నేర్చుకున్నట్టే ముందు, పై, పక్క మూడు చూపులూ గీయండి. ఏ చెక్కో అడగండి. ప్రతి భాగానికీ మీ ఊళ్ళో ఏమంటారో ఆ పేరే రాయండి. కుండ, ఆకు, పూటీ లాంటి మాటలు నిఘంటువులో వెతికి రాయొద్దు, తాతయ్యనో మేస్త్రి గారినో అడిగి రాయండి. మన తెలుగు క్లబ్బుకి ఈ పనితో ఏం సంబంధం అనుకుంటున్నారేమో, అసలు సంబంధం ఇక్కడే ఉంది. వస్తువు పోతే దాని భాగాల పేర్లన్నీ దానితోపాటే పోతాయి.

ఎడిటర్ గారిని అడిగాను. వచ్చే సంచిక నించి ఒక పేజీ ఆ బొమ్మలకి ఇస్తామన్నారు. మొదటి బొమ్మ నేనే పంపిస్తున్నాను: వామనగుంటల పీట, పధ్నాలుగు గుంటలు, ఒకటి బీటలు వారింది. రెండోది మీలో ఎవరిదో తొందరగా పంపండి.